మాబు సాహెబు మూడు ఈతలు

మిరప కోతలకు ఒక కాలమంటూ ఉంటుంది గానీ మాబు సాహెబు కోతలకు లేదు. సత్తెనపల్లిలో ఆయనకు పరుపుల కొట్టు ఉంది. కొట్టు తెరిచేలోపు, తెలతెలవారుతుండగా, మనవరాలు సైమాని టీవీఎస్ మీద ఎక్కించుకుని స్విమ్మింగ్ పూల్‌కి తీసుకొస్తాడు. పిల్లని కంచె లోపలికి పంపి, తను కంచె బయట రాజ్యం టీ కొట్టు బల్ల మీద కూర్చుంటాడు. ఆయన ఆ బల్ల మీద కూర్చున్నాక నిజానికి అక్కడ కూర్చోవడానికి చోటు మిగలదు.

అది ఫిబ్రవరి మొదట్లో మాట. పత్తి చేలమీద మంచు ఇంకా లేవడం లేదు. పూల్‌కి పైకప్పు లేదు కనక రాత్రంతా ఆ నీళ్ళు ఆకాశం కిందే పడుకుంటాయి, పొద్దున పిల్లల మీద ఆ కసి తీర్చుకుంటాయి. మామూలుగా ఎండలు ముదిరాక మొదలయ్యే సాధన, గుంటూరులో పోటీలు ముందుకు జరిగాయని కోచ్ షారోన్ ఈ ఏడు చలిలోనే మొదలుపెట్టింది. నీళ్ళల్లో దిగడానికి పిల్లల్లో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. బుల్లయ్య మనవరాలు శ్రీదివ్య ఊరు లేచేలా ఒక కేక పెట్టి దూకేస్తుంది. ఆ కేకకే తన పాలు పొంగిపోతున్నాయని రాజ్యం గొణుగుతుంది. ఇంకొకడు పన్నెండో ఎక్కం చదువుకుంటూ మెట్టు మెట్టుకీ దిగుతాడు, నీళ్ళు పొట్టకి తగిలిన చోట ఎక్కం తప్పుతాడు, మళ్ళీ పైమెట్టు నుంచి మొదలుపెడతాడు. ఒకడు మాత్రం దిగిన కాసేపటికే, ఇక్కడ వెచ్చగా ఉందిరా, రండి అంటాడు. వాడి పక్కన ఎవరూ ఈదరు.

సైమా అసలు దిగదు. నిరుడు ఎండాకాలంలో నీళ్ళల్లోంచి బయటికి రమ్మంటే ఏడ్చిన పిల్లే. ఈ ఏడు మొదటి రోజు కాలి బొటనవేలు పెట్టింది, తీసింది, తువ్వాలు చుట్టుకుంది. అప్పట్నుంచీ ఆ పిల్ల సాధన అంతా తువ్వాల్లోనే. ఇక లాభం లేదని షారోన్ ఇవాళ మాబు సాహెబుని కంచె దగ్గరికి పిలిచి మెత్తగానే చెప్పింది. ఇవాళ కూడా దిగకపోతే సైమా జట్టులో ఉండదని, ఏం పరవాలేదని, ఎండలొచ్చాక చిన్నపిల్లలతో కలిసి నేర్చుకోవచ్చని.

ఎండలొచ్చాక అన్న మాటకి మాబు సాహెబు మొహం ఒక్క క్షణం ఎలాగో అయింది. సైమాని బయటికి రమ్మని, రాజ్యం చేత వేడి పాలు ఇప్పించి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒళ్ళు వేడెక్కడానికని పూల్ చుట్టూ పరిగెత్తిన పిల్లలు కూడా వచ్చి కంచె కన్నాల్లో వేళ్ళు దూర్చి నిలబడ్డారు. సాహెబు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు తెలిసిన రాజ్యం ఇంకో గిన్నె పాలు పొయ్యి మీద పెట్టింది.

"నీ అంత ఉన్నప్పుడు మా ఊరి సాగర్ కాలవలో, ఇదే మాఘమాసం, ఇదే పొద్దు," అన్నాడు సైమాతో, "అందరికంటే ముందు దిగిందెవరు?"

"నేను," అన్నాడు బుల్లయ్య. బుల్లయ్యది ఆ ఊరే, ఆ ఈడే. మిరప రైతు. కల్లంలో కాయలు ఆరబోసుకుని, మనవరాలిని దింపడానికని వచ్చి, మాబు సాహెబు కోసం కూర్చుంటాడు.

"నువ్వు నా వెనక దిగావురా. ముందున్నవాణ్ణి చూడలేదు, అంతే."

అలా ముందు దిగి, ఆయన కాలవ ఈదుకుంటూ అవతలి గట్టుకి చేరాడట. ఇంతవరకు వంక పెట్టడానికేమీ లేదు. కాలవలున్న ఊళ్ళల్లో ఎవరైనా చేసే పనే. మాబు సాహెబుకి కూడా ఇది చప్పగానే అనిపించినట్టుంది, పాల గ్లాసు సైమా చేతిలో ఇంకాస్త పైకి నెట్టి మళ్ళీ అందుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిరిగి వస్తా కాలవ మధ్యకొచ్చేసరికి పళ్ళు కొట్టుకోవడం మొదలైంది, మామూలుగా కాదు, టకటకటకా అని, ఆ చప్పుడు చేల మీదుగా పోయి పోయి రైలు గేటు దాకా పోయింది, గేటు కాడ ఉన్నాయన గూడ్సు వస్తోందనుకుని గేటు వేసేశాడు, ఇటు మాచర్ల బస్సు ఆగింది, అటు పత్తి బళ్ళు ఆగినయ్యి, నేను గట్టెక్కి ఒళ్ళు తుడుచుకునేదాకా తియ్యలేదు."

ఆ బస్సులో తన తండ్రి ఉండే ఉంటాడని రాజ్యం అంది. ఆయన ఎప్పుడూ ఇంటికి ఆలస్యంగానే వచ్చేవాడట, ఎందుకో ఇన్నాళ్ళకి తెలిసిందట. కంచె అవతల పిల్లలు కిసుక్కుమన్నారు. సైమా నవ్వలేదు.

"చలి తగ్గిందా మరి?" అంది.

"తగ్గలేదు. నేనే తగ్గించా."

ఎలాగంటే, కాలవ గట్టు మీద బుల్లయ్య వాళ్ళ నాన్న కల్లం ఉండేదట. కాయలు ఎండి, టిక్కీ బస్తాలకెత్తి, మూతులు కుట్టి ఉన్నాయట. మాబు సాహెబు వాటిలోంచి రెండు టిక్కీలు కాలవలోకి దొర్లించాడట. కాసేపటికి నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. ఇంకాసేపటికి వేడెక్కాయి. తర్వాత చేపలు వాటంతటవే పులుసు అయిపోయి తేలుకుంటూ పోతుంటే, కింది ఊళ్ళ ఆడవాళ్ళు అన్నం కంచాలు పట్టుకుని గట్ల మీద కూర్చున్నారట. అందరూ తిన్నారు గానీ, ఉప్పు తగ్గిందని ఒక ఊరివాళ్ళు సైకిల్ మీద మనిషిని పంపారట.

బుల్లయ్య నిదానంగా టీ ఊదుకున్నాడు. "ఆ ఏడు మా నాన్న మిరప వెయ్యలేదురా. పొగాకు వేశాడు."

"అదీ సంగతి," అన్నాడు మాబు సాహెబు తొణక్కుండా. "చేపలకి దగ్గెందుకు వచ్చిందా అని ఇన్నేళ్ళూ అనుకుంటున్నా."

పిల్లలు పరుగు మర్చిపోయారు. లోపల షారోన్ ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా తీసేసింది. ఆమె చెవి కూడా కంచె వైపే ఉంది.

ఇక మాబు సాహెబుకి పట్టపగ్గాల్లేవు. మళ్ళీ కాలవలో దిగితే ఆ వేడి నీళ్ళే వెనకనుంచి తోశాయట. అప్పటికే తనకి మూడు ఈతలు వచ్చని చెప్పాడు. బార ఈత, మునుగు ఈత, వెల్లకిలా ఈత.

"మూడు ఈతలు నీవి కాదురా," అన్నాడు బుల్లయ్య, "మీ బర్రెవి. మూడో ఈతకి పెయ్యదూడని వేసింది, నాకు బాగా గుర్తు."

రాజ్యం నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మాబు సాహెబు మాత్రం ఆ బర్రె తన దగ్గరే ఈత నేర్చుకుందని, చేసిన మేలు మర్చిపోకుండా పాలిచ్చిందని చెప్పి ముందుకు సాగిపోయాడు. కాలవలోంచి వాగులో పడ్డాడు, వాగులోంచి కృష్ణలో పడ్డాడు. అమరావతి రేవులో వణుక్కుంటూ మునిగి ఒడ్డెక్కినవాళ్ళు కూడా, నీళ్ళు ఉన్నట్టుండి వెచ్చబడ్డాయని వెనక్కొచ్చి రెండోసారి మునిగారట. అక్కణ్ణుంచి సముద్రం. సముద్రంలో కుడిచేతి వైపు తిరిగి, సింగరాయకొండ దగ్గర తల పైకెత్తి చూస్తే, హైవే మీద హోటల్లో ఇంకా ఇడ్లీ వాయి కూడా దించలేదట.

"బడి మరి?" అంది శ్రీదివ్య కంచె అవతల్నుంచి.

బడి గంట కొట్టేలోపు ఎదురీదుకుంటూ వచ్చేద్దామనే అనుకున్నాడట. కానీ ఎంతవాడికైనా కాస్త అలుపొస్తుంది కదా. అందుకని సముద్రం మధ్యలో వెల్లకిలా తిరిగాడు.

ఇక్కడికి వచ్చాక ఆయన గొంతు మారింది. చేతులు తిప్పడం మానేశాడు. ఎవరి వైపూ చూడటం లేదు, కంచె కన్నాల్లోంచి ఆ నీలం నీళ్ళ వైపు చూస్తున్నాడు. మామూలుగా ఇలాంటి చోట రాజ్యం ఏదో ఒకటి అంటించేది. ఇప్పుడు ఆమె కూడా అటే చూసింది.

"నీళ్ళు ఎత్తుకుంటయ్యి సైమా," అన్నాడు. "అప్పుడే ఏకిన దూది మీద పడుకుంటే ఎట్లుంటదో అట్లా. కింద ఎంత లోతుందో తెలీదు, అయినా భయమేయదు. ఏదీ మొయ్యక్కర్లా, చేతులు కూడా బరువుండవు. కళ్ళు తెరిస్తే ఆకాశం. బర్రెల మెడగంటలు, చాకిరేవులో గుడ్డల చప్పుడు, మన ఈడు పిల్లలు నవ్వుకుంటా ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోవడం... అన్నీ ఎక్కడో దూరంగా వినపడతా ఉంటయ్యి. అట్లా పడుకున్నవాడికి ఇంకేం కావాలి?"

నడిసముద్రంలో బర్రెలేమిటని ఎవరూ అడగలేదు. పొయ్యి మీద పాలు పొంగడానికి వచ్చాయి, రాజ్యం ఆలస్యంగా చూసుకుంది.

సైమా నుదురు ముడేసి ఆలోచించింది. రైలు గేటుకీ చేపల పులుసుకీ పట్టని అనుమానం ఇప్పుడు పట్టింది ఆ పిల్లకి.

"కానీ తాతా, వెల్లకిలా పడుకుంటే చెవులు నీళ్ళల్లో ఉంటాయి కదా. బయటివి ఏమీ వినపడవు."

"కోచ్ మేడమ్ ఈల కూడా వినపడదు," అంది శ్రీదివ్య.

మాబు సాహెబు నోరు తెరిచాడు. మాచర్ల బస్సుని ఆపిన నోరు, సముద్రాన్ని కుడివైపు తిప్పిన నోరు. అందులోంచి ఏమీ రాలేదు.

"అవి గట్టు మీద వినపడేవిరా మాబూ," అన్నాడు బుల్లయ్య. ఈసారి వెక్కిరింపు లేదు.

గట్టు మీదే కూర్చునేవాడు మాబు. కాలవకి నీళ్ళొచ్చిన మొదటి మాఘంలో పిల్లలందరూ దూకుతుంటే ఆయన మోకాలి దాకా దిగి, చలికి ఏడుపొచ్చి, గట్టెక్కేశాడు. ఎండలొచ్చాక దిగుతాలే అన్నాడు. అందరి చొక్కాలూ ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చున్నాడు. ఎండలొచ్చేసరికి మిగతావాళ్ళు కాలవ అటూ ఇటూ ఈదేస్తున్నారు, వాళ్ళ ముందు బుడుంగున మునగడానికి సిగ్గేసింది. మరుసటేడు ఇంకా సిగ్గేసింది. ఆ తర్వాత మీసాలొచ్చాయి, పెళ్ళయింది, కొట్టు వచ్చింది. ఇదంతా బుల్లయ్యకి తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు. ఆ ఊళ్ళో పుట్టినవాడు ఒక మాటని అన్నాళ్ళు కడుపులో దాచుకోవడం కంటే, సింగరాయకొండ దాకా ఈదడమే తేలిక.

అన్నాక, అనకుండా ఉండాల్సిందేమోనని బుల్లయ్య గ్లాసులోకి చూసుకున్నాడు.

మాబు సాహెబు మనవరాలి వైపు తిరిగాడు. ఆ బల్ల మీద ఆయన జవాబు తెలియని ప్రశ్న అడగడం ఎవరూ వినలేదు అప్పటిదాకా.

"మరి ఏం వినపడుద్ది?"

"వినపడుద్ది ఏదో. బయటిది కాదు, లోపల్నుంచి..." సైమా చెయ్యి చెవి దగ్గర పెట్టి ఏదో చూపించబోయి ఆగిపోయింది. "నిరుడు కదా తాతా, మర్చిపోయా."

పూల్ వైపు చూసింది. తాత వైపు చూసింది. ఆయన ఇంకా జవాబు కోసమే చూస్తున్నాడు, ఆకలేసినవాడు వడ్డించేవాళ్ళ చేతి వైపు చూసినట్టు.

"ఉండు. చూసొచ్చి చెప్తా."

తువ్వాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టి కంచె లోపలికి వెళ్ళిపోయింది. దిగమని ఎవరూ అనలేదు. షారోన్ పక్కకి జరిగి దారిచ్చింది, అంతే. సైమా మెట్లు దిగింది. మోకాళ్ళ దగ్గర ఆగింది. భుజాలు చెవుల దాకా లేచాయి. నడుం దగ్గర ఊపిరి పట్టుకుపోయి, హా, హా అని చిన్నచిన్న ముక్కలుగా బయటికొచ్చింది. మాబు సాహెబు కంచె పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన మోకాళ్ళు కూడా ఏదో చల్లటిది తగిలినట్టు దగ్గరికి ముడుచుకున్నాయి. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, నీళ్ళని ఏదో ఒక తిట్టు తిట్టి, మునిగింది.

లేచేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. ఆగితే చలి పట్టుకుంటుందన్నట్టు ఆ చివరిదాకా ఈదింది, ఈ చివరికి వచ్చింది. తర్వాత నెమ్మదిగా వెల్లకిలా తిరిగి, చేతులు రెండు వైపులా చాపేసింది.

"సైమా," అని పిలిచాడు మాబు సాహెబు.

ఆ పిల్ల కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆకాశం వైపు.

ఆయన రెండోసారి పిలవలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, రెండు అరచేతులతో రెండు చెవులూ గట్టిగా మూసుకుని, మొహం పైకెత్తి అలాగే నిలబడ్డాడు. చలికి చెవులు మూసుకున్నాడనుకుంది రాజ్యం. తన మఫ్లరు తీసి, ఇది కట్టుకోండి సాయిబు గారూ అంది. ఆయనకి వినపడలేదు.