బేసి మనిషి

శనివారం పొద్దున్న, నార్త్ డకోటాలో ఒక చిన్న ఊరు. వెర్నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఊరి వారపత్రికకు తన శీర్షిక రాస్తోంది. ఊరి బేస్‌బాల్ జట్టు కోచ్, ఆమె భర్త ఆరిన్, ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

“ఈ వారం దేని గురించి?”

“అంపైర్.”

“నీ అంపైరింగ్ మీద ఊరంతా మండిపడుతుంటే అదే దొరికిందా, వెర్నా? రూబార్బ్ కేకు గురించి రాసుకోరాదూ?”

“ఆ మాట ఎలా పుట్టిందో రాస్తున్నా. పాత ఫ్రెంచి వాళ్లదిట. మొదట్లో ముందొక ‘న’ ఉండేది. జత కానివాడని అర్థం. ఇద్దరు తగువు పడితే, ఇద్దరిలో ఎవరికీ జత కాని మూడో మనిషి. బేసి మనిషి. జనం నోళ్లలో నలిగి నలిగి ఆ ‘న’ ఊడిపోయింది.”

“బావుంది. కింద ఇంకో రెండు ముక్కలు రాయి.”

“ఏమని?”

“మరేం లేదు... ఆదివారం ఫైనల్లో మన కుర్రాడు డేల్ ఔటన్నావు చూడు, పొరపాటు పడ్డానేమో అని. ‘ఏమో’ అను, చాలు. కమిటీ వాళ్లు మ్యాచ్ మళ్లీ ఆడిస్తారు.”

“వాడు ఔట్. పరుగు పూర్తయ్యే ఆ హోమ్ ప్లేట్‌కి కాలు తగలకముందే వాళ్ల క్యాచర్ బంతి తెచ్చి మోకాలికి ఆనించాడు. బెత్తెడు దూరంలో ఉన్నాను నేను.”

“దుమ్ము లేచింది కదా.”

“దుమ్ము తరవాత లేచింది.”

“ముప్పై ఏళ్లకి ఫైనల్‌కొచ్చాం! ఒక్క పరుగు, ఒక్కటంటే ఒక్క పరుగుతో ఓడిపోయాం!”

“అయితే?”

“అయితే ఏమిటి, అయితే! నిన్న కేఫ్‌లో నీకు కాఫీ కూడా పొయ్యలేదట.”

“పొయ్యలేదు. నేనే లేచి పోసుకున్నా.”

“చర్చి పాటల సాధనలో నీ పక్కన ఎవరూ నిలబడలేదట.”

“హాయిగా గొంతెత్తి పాడాను. మొదట్లో కోచ్ పెళ్లాం అంపైరేమిటని పక్కూళ్ల వాళ్లు గోల చేశారు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి మన వైపు మొగ్గానేమో చూపించమను.”

“అదే మనవాళ్ల ఏడుపు! ఇదిగో, పదకొండు సంతకాలు. నువ్వు రాయకపోతే వచ్చే ఏడు నిన్ను అంపైర్‌గా పెట్టరు.”

“పెట్టకపోనీ. రాయను. గేటు బయట కుర్చీ వేసుకునైనా చూస్తాను, చూసింది చూసినట్టే చెప్తాను. ఈ మొదటి సంతకం ఎవరిది, ఆరిన్?”

“కోచ్‌ని కదా... తప్పుతుందా?”

“నువ్వెక్కడున్నావప్పుడు?”

“మూడో బేస్ దగ్గర. ఎండ కళ్లల్లో కొట్టింది.”

“ఎండ నీ వీపు మీదుంది.”

“కాఫీ ఉందా?”

“ఉంది. ఏం చూశావు?”

“వెర్నా, ఇన్నేళ్ల కాపురం...”

“కాపురం సంగతి అడగలేదు. ఏం చూశావు?”

“...ఔటే.”

“మరి సంతకం?”

“వాడు మూడో బేస్ దగ్గరే ఆగిపోతానన్నాడు. హోమ్ ప్లేట్‌కి పరుగెత్తరా అని అరిచి పంపింది నేను.”