లాంచీ మళ్ళీ వేడెక్కింది

రేవులో కట్టేసిన లాంచీ. ఇంజను గదిలో మెకానిక్కు, పట్టుబట్టి వెంట వచ్చిన అతని భార్య.

"ఈ నెలలో ఇది నాలుగోసారి. లోకంలో ఇంకే లాంచీ ఇంజనూ వేడెక్కదా?"

"టార్చి ఇటు పట్టు. బెల్టు బిగుతుగానే ఉంది. ట్యాంకులో నీళ్ళూ ఉన్నాయి."

"ఈ లాంచీ ఓనరమ్మ మెట్ల దాకా ఎదురొచ్చి 'వచ్చారా' అంది. వెనకాల నన్ను చూడగానే ముఖం మాడిపోయింది."

"ఎండకి."

"నాకు ఒళ్ళు మండింది. అదీ ఎండకేనా?"

"కుళ్ళుకుంటున్నావే నువ్వు."

"అవును, కుళ్ళే! కాదన్నానా? ఇంట్లో కుళాయి కారుతుంటే నాలుగు నెలలుగా అటు తిరిగి చూడరు. ఇక్కణ్ణుంచి కబురొస్తే చొక్కా మార్చుకుని మరీ పరుగు."

"అబ్బ, ఉండు. పంపు విప్పాను. ఇదిగో, రబ్బరు రెక్కలు ఆరూ ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు."

"లాంచీలు బాగుచేసిన మా నాన్నయితే ముందు బయటి నీళ్ళు లోపలికొచ్చే వాల్వు చూసేవాడు. మీరేంటి, అదొక్కటీ వదిలేసి అన్నీ విప్పుతున్నారు?"

"చూశాను."

"ఎప్పుడు?"

"ఇందాక. నువ్వు... నువ్వు చెప్పులు విప్పుతుండగా. ఆ మూలకి వెళ్ళకు, చీరకి గ్రీజంటుతుంది."

"అంటనీండి. ఏమండీ! ఇది ముప్పాతిక మూసుంది! నీళ్ళే రాకపోతే ఇంజను కాలక ఏం చేస్తుంది?"

"అదిరి అదిరి అదే తిరిగిపోయుంటుంది."

"ఇదా? రెండు చేతులతో తిప్పినా కదలడం లేదే! ఎవరో పనిగట్టుకుని మూశారు. ఎవరో ఏమిటి, ఆ మహాతల్లే! మీకు కబురు పెట్టాలని ఇంజన్ని కాల్చుకుంటోంది. ఇప్పుడే వెళ్ళి జుట్టు పట్టుకుని..."

"ఆగు! ఆవిణ్ణేమీ అనకు."

"అంటే మీకెందుకంత పొడుచుకొచ్చింది?"

"ఆవిడకి వాల్వంటే ఏమిటో కూడా తెలీదు. ఈ గదిలో ఏనాడూ అడుగే పెట్టలేదు."

"డ్రైవరు చేత మూయించిందేమో."

"వాడు పైనుంచే నడుపుతాడు, ఇక్కడికి దిగడు. కిందటి నెల ఈ గదికి కొత్త తాళం వేసింది నేనే. తాళంచెవి నా జేబులో తప్ప ఇంకెక్కడా లేదు, తెలుసా? ఊరికే నోరు పారేసుకుని..."

"మీ జేబులో తప్ప ఇంకెక్కడా లేదన్నమాట."

"ఏమిటలా చూస్తావు? టార్చి దించు."

"పాపం, ఇన్నాళ్ళూ ఆవిణ్ణి అన్యాయంగా ఆడిపోసుకున్నానండీ."