రోండా బొసార్జ్ గారు పాత నంబరుకు పంపిన నోటీసు

1986 మార్చి మూడవ తేదీ, సోమవారం ఉదయం, అలబామా తీరాన మొబైల్ నగరంలోని మన కార్యాలయంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి రోండా బొసార్జ్ గారు, ముప్పై ఎనిమిది సంవత్సరాల నిర్విరామ సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి గుణగణాలను సముచితంగా ప్రస్తుతిస్తూ ఒక వ్యాసం ఇదివరకే సిద్ధమైంది. గత శుక్రవారం వీడ్కోలు విందులో విన్న మాటతో దిమ్మతిరిగి, దాన్ని చింపి మళ్లీ రాయవలసి వచ్చింది.

ఇది చదివే మన కుటుంబ సభ్యుల కోసం మన పని గురించి కొంత చెప్పాలి. మోటారు బీమా కంపెనీకీ, ఊరూరా సొంత దుకాణాలు పెట్టుకున్న స్వతంత్ర ఏజెంట్లకూ నడుమ నిలిచి, ఏ బండికి బీమా ఇవ్వవచ్చో నిర్ణయించి పాలసీలు జారీచేసే నిర్వాహకులం మనం. ఏజెంట్లు మన ఉద్యోగులు కారు. నాలుగైదు కంపెనీల పాలసీలు అమ్ముకునేవారు. అయినా వారు సంతకం పెట్టిన క్షణం నుంచే బీమా అమలవుతుంది. కలం అప్పగించడమని దీనికి పేరు. మన తీరాన్ని ఆనుకున్న మెక్సికో గల్ఫ్‌లోకి తుఫాను అడుగుపెడితే మాత్రం, కొత్త బీమా ఇవ్వరాదని అందరికీ ఫ్యాక్సులో నోటీసు పంపి ఆ కలానికి మూత పెట్టిస్తాం.

1991లో రోండా గారు ఏజెంట్ల వ్యవహారాల బాధ్యత స్వీకరించారు. నూట నలభై మంది ఏజెంట్ల గొంతులు ఆమెకు కంఠతా వచ్చు. "ఏం మిస్టర్ ఆర్విల్, బండి నంబరు రాయలేదు. ఇది బండికి బీమానా, గాలికా?" అని ఆమె ఆటపట్టిస్తే, బయూ లా బాట్రే రేవులో దుకాణం నడిపే ఆర్విల్ లాడ్నియర్ గారు, "గాలికైతే మీ కంపెనీ ఇస్తుందా, మిస్ రోండా?" అని తిప్పికొట్టేవారు.

1999 సెప్టెంబరులో ఒక మంగళవారం ఉదయం తుఫాను నోటీసు వెళ్లింది. అదే మధ్యాహ్నం లాడ్నియర్ గారు పదకొండు మంది రొయ్యల జాలర్ల ట్రక్కులకు బీమా రాసి సంతకం పెట్టారు. గురువారం ఉప్పెన వచ్చి ఆ పదకొండూ మునిగాయి. నోటీసు చేరిందని మన ఫ్యాక్సు యంత్రపు చీటీ చెబుతోంది. ఏజెంటు కలం లాక్కుని, జాలర్లకు ఇవ్వవలసిన పరిహారమంతా అతని దగ్గరే రాబట్టాలని కంపెనీ పట్టుబట్టింది.

రెండు వారాల తరువాత విచారణ. బర్మింగ్‌హామ్ నుంచి కంపెనీ అధికారి వచ్చారు. మన మేనేజరు హాలిస్ ట్రెడ్‌వెల్ గారి పక్కన రోండా గారు కూర్చున్నారు. లాడ్నియర్ గారు టోపీ ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు. "కాగితం వచ్చే ఉంటుందండీ. దుకాణం నిండా జనం, ఎక్కడో పడిపోయుంటది. తప్పు నాదే. పడవ అమ్మి కట్టేస్తాను."

అప్పుడు ఆ చీటీ రోండా గారి చేతికి వచ్చింది. దాని మీద ఉన్నది లాడ్నియర్ గారి పాత నంబరు. ఆగస్టులో దుకాణం మారుస్తూ లాడ్నియర్ గారు ఫోనులో కొత్త నంబరు చెప్పారు. ఆమె గోడ క్యాలెండరు మీద రాసుకున్నారు. నెల మారాక ఆ కాగితం చింపి సొరుగులో వేశారు గానీ జాబితాలో దిద్దలేదు. నోటీసు వెళ్లింది పాత దుకాణంలోకి దిగిన చేపల వ్యాపారికి. ఆయన మరిచిపోయారని, ఈ సంగతి తనకొక్కదానికే తెలుసని ఆమె అనుకున్నారు. భర్తకు ఓడల కర్మాగారంలో పని పోయింది. పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. మరుసటి నెలలో విభాగాధిపతి పదవి ఆమెకే ఖాయమైంది. నోరు మెదపకపోతే చాలు.

"ఆ నోటీసు ఆయనకి అందలేదు. కొత్త నంబరు నాకు చెప్పారు. నేనే జాబితాలో దిద్దలేదు."

ట్రెడ్‌వెల్ గారు ఆమె వైపు తిరిగారు. "రోండా, ఏమంటున్నావో తెలుసా?"

"తెలుసండీ. ఆగస్టు కాగితం నా సొరుగులో ఉంది, తెస్తాను."

నష్టం మన సంస్థ భరించింది. లాడ్నియర్ గారి కలం ఆయన దగ్గరే ఉండిపోయింది. రోండా గారిని మాత్రం దస్తావేజుల గదికి పంపారు. విభాగాధిపతి పదవి 2008లో గాని రాలేదు. నోటీసు పంపాక ప్రతి ఏజెంటుకూ ఫోను చేసి గొంతు విని తీరాలన్న నియమాన్ని ఆమె ఆ పదవిలోకి రాగానే పెట్టారు.

శుక్రవారం విందులో, వేయించిన చేపల పళ్లేలు ఇంకా ఖాళీ కాకముందే, ఎనభై మూడేళ్ల లాడ్నియర్ గారు కర్ర ఊతంతో లేచి నిలబడ్డారు. "మిస్ రోండా, నంబరు సంగతి నాకు ముందే తెలుసు. మీకు చెప్పిన రోజూ గుర్తే, మీరు తిరిగి చదివి వినిపించిందీ గుర్తే."

రోండా గారు చేతిలోని పళ్లెం కింద పెట్టేశారు. "తెలిసీ తప్పెందుకు ఒప్పుకున్నారండీ? పడవ పోయేది కదా."

"నా దుకాణం నాది. మీరు కలం లాక్కుంటే ఇంకో కంపెనీ కలం పట్టుకునేవాణ్ణి. మీకున్నది ఒక్క కుర్చీ. రెండు వారాలు ఆలోచించుకుని వస్తే, ఒక్క నిమిషంలో పాడుచేశారు."

"మరి పాతికేళ్లు చెప్పలేదేం?"

"తొమ్మిదేళ్లు ఆ దస్తావేజుల గదిలో కూర్చున్నారు. నా సంగతి తెలిస్తే, ఊరికే కూర్చున్నానని మీరు బాధపడతారేమోనని భయమేసింది."

రోండా గారు కుర్చీలో కూలబడి, ఆయన చేయి పట్టుకుని, "ఊరికే కాదు, మిస్టర్ ఆర్విల్" అన్నారు. మేమెవరమూ ఇంకా తేరుకోలేదు. శ్రీమతి రోండా బొసార్జ్ గారికి నిండు ఆరోగ్యాన్ని, చీకూచింతా లేని దీర్ఘాయుష్షును సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుతున్నాం. ఆమె పక్క కుర్చీలో కూర్చున్న ఆ పెద్దాయనకు కూడా.