పదిహేనో పేరు

ఇబ్రహీంపట్నం బస్టాండు మూల. గంప ముందు చేపలమ్మే బాలనర్సమ్మ, పక్కనే గాజుల బండి దగ్గర జమాల్ బీ. ఎదురుగా ఫైలు పట్టుకుని వార్డు ఆఫీసర్ తిరుమల.

"నేనే ఎందుకు బిడ్డా? గంత పెద్ద వార్డుల నీకు ఇంకెవ్వలు దొర్కలేదా?"

"నువ్వైతె మంచిగ మాట్లాడుతవని అక్కా. మహిళల వార్డు కమిటీ. పదిహేను మంది ఉండాలె, పద్నాలుగు మంది అయిన్రు. నీదే పదిహేనో పేరు."

"మంచిగ మాట్లాడుతనా! మొన్న మోరీ నిండి నీళ్లు నా గంపలకొస్తె మాట్లాడిన. అప్పుడు నోరు మూసుకో అన్నరు."

"నేనట్ల అన్లేదు అక్కా."

"నువ్వు కాదు, నీ ఎన్కున్న సారు. ఇద్దరూ ఒక్క జీపే దిగిన్రు గద."

"ఏమే బాలనర్సూ, పిల్ల ఎండల నిలవడ్డది. సంతకం పెట్టరాదూ. పోయిన బుధవారం నేను పెట్టలేదా? ఒక్క నిమిషం పని."

"నీకేం జమాల్ బీ, నీ గాజులు మురుగుతయా? నా చేపలు మురుగుతున్నయి. ఓ అన్నా, అవ్, రవ్వ చేపనే! తెల్లారంగ పట్టింది, మొప్పలు లేపి సూస్కో. వొద్దా? వొద్దంటె పో. ఆఁ, చెప్పు బిడ్డా. కమిటీల ఉంటె ఇల్లిస్తరా?"

"ఇయ్యరు."

"పింఛన్ పెంచుతరా?"

"దానికీ దీనికీ సంబంధం లేదక్కా."

"ఇచ్చేది లేదు, పెంచేది లేదు. మరి ఊకెనే నా పేరెందుకు?"

"సలహా కోసం. మూడు నెలలకొక్కసారి మీటింగు. ఏది చేసినా ముందు వార్డోళ్లను అడగాలె, గది రూలు."

"సలహానా! మా ఇంటాయన అంజిలయ్యనే నా సలహా అడగడు."

"అడగకున్నా చెప్తనే ఉంటవ్ గదనే."

"నువ్వు జర ఊకో బీ."

"నేనెందుకు ఊకుంట? ఫ్యాన్ కింద కుర్చేసిన్రే నాకు. చాయ్ పోసిన్రు. 'జమాల్ బీ గారూ' అన్నరు. ముప్పై ఏండ్ల సంది ఈడ కూసుంటున్న, 'ఏయ్ గాజులామె' అనుడే గని గారూ అన్నోడు లేడు."

"గారూ అన్నరంటెనే భయపడాలె. మా తమ్ముడు నాగయ్యను గట్లనే ఒక ప్లాట్ల బ్రోకరు బొంగులూరు కాడ కుర్చేసి, గారూ గారూ అని కూసోబెట్టిండు. లేచేటాలకు రెండెకరాలు పోయినయ్."

"గది బ్రోకర్ పని అక్కా. నేను బ్రోకర్నా?"

"గాదు. అయినా చెప్పు. మొదటి మీటింగుల ఏం మాట్లాడుతరు?"

"మామూలు ముచ్చట్లే. లైట్లు, మోరీలు, చెత్త బండి…"

"ఇంకా?"

"నల్లాలు."

"ఇంకా? కిందికెందుకు సూస్తున్నవ్? నా మొకం సూసి చెప్పు."

"…ఈ మూల గురించి గూడ."

"ఏ మూల?"

"ఇదే. మీరు కూసున్నది."

"సూసినవా బీ! నేను అన్లే? గిందుకే పిలుస్తున్నరు. నన్ను లేపేటందుకు నా సంతకమే కావాల్నా?"

"ఆగక్కా, మొత్తం ఇను. రోడ్డు పెద్దగైతది. పాత మార్కెట్ ఎన్క కొత్త షెడ్డు కట్టిన్రు గద, ఈడ అమ్ముకునేటోళ్లకు అండ్ల జాగలిస్తరు. ఎవరికెక్కడ అని కమిటీని అడుగుతరు. నువ్వు లేకుంటె చేపల గురించి మాట్లాడేటోళ్లే లేరు. మిగిలినోళ్లకు వాసన తప్ప ఇంకోటి యాదికి రాదు."

"బీ, నీకు తెల్సా ఈ ముచ్చట?"

"తెల్సు. అందుకే పెట్టిన. జాగలు పంచేటప్పుడు మనం లోపటుంటె మంచిదా, బయటుంటె మంచిదా? ఇన్నేండ్లు పక్కపక్కన కూసున్నం, షెడ్డుల గూడ పక్కపక్కనే కూసుందం. నువ్వుంటె నాకు ధైర్యమే. పెట్టు."

"నా బతుకంత ఈ గంపనే బిడ్డా. జాగ పోయిందంటె మళ్ల లేవలేను, ఈ వయసుల వాడవాడ తిరిగి అమ్మలేను. నాకు భయమైతది."

"అందుకే రమ్మంటున్న అక్కా."

"అయితె సదువు."

"ఏంది?"

"ఆ కాయిదం. పై నుంచి కింది దాక. ఒక్క అక్షరం ఇడ్వకు."

"యా అల్లా, ఎంత అనుమానమే నీకు! నేను అడగనే లేదు."

"నువ్వు గారూ అంటెనే కరిగిపోయినవ్. సదువు బిడ్డా."

"పేరు, బాలనర్సమ్మ. భర్త పేరు, అంజిలయ్య. వయసు, యాభై ఆరు."

"యాభై నాలుగు."

"ఆధార్ల యాభై ఆరున్నది."

"సరే, కానీ."

"వృత్తి, గృహిణి. ఫోన్ నంబర్, తొమ్మిది నాలుగు…"

"ఆగాగు. ఎన్కకు పో. వృత్తి ఏమన్నవ్?"

"గృహిణి."

"అంటె?"

"ఇల్లు చూసుకునేటామె."

"ఎవరు, నేనా? నాలుగ్గొట్టంగ చెరువు కట్ట మీదుంట నేను. ఇంట్ల అన్నం అంజిలయ్య వండుతడు!"

"ఊకె రాసుడే అక్కా. ఆడోళ్ల కమిటీ గద అని కంప్యూటర్ల ఒక్కసారి కొట్టి అందరికి గదే దించిన."

"ఎవరు కొట్టమన్నరు?"

"ఎవ్వలనలే. అలవాటుల కొట్టిన. నా బడి ఫారంల గూడ మా అమ్మకు గట్లనే రాసిన్రు."

"మీ అమ్మ ఏం చేస్తుండె?"

"…కూలికి పోతుండె."

"మంచిగున్నది. మరి షెడ్డుల జాగలిచ్చేటప్పుడు ఎవరు అమ్ముకునేటోళ్లో, ఎవరు కాదో ఎట్ల తెలుస్తది?"

"లిస్టున్నది. సర్వే చేసి నేనే రాసిన."

"ఎప్పుడు చేసినవ్? మమ్ముల ఎవ్వలడగలే."

"అందరినీ అడిగే టైమ్ దొర్కలేదక్కా. ఈ కమిటీ ఫారం ఇచ్చినోళ్లను ఫారం చూసి ఎక్కించిన. ఇయ్యనోళ్లను దూరం నుంచి చూసి రాసిన. నువ్వు ఫారం ఇయ్యలే గద, నీకు 'చేపలు' అని రాసిన. నీ జాగకు ఫికర్ లేదు."

"ఫారం ఇచ్చి ఉంటె?"

"…గృహిణి అని వస్తుండె."

"గృహిణికి షెడ్డుల జాగుంటదా?"

"ఉండదక్కా. అమ్ముకునేటోళ్లకే."

"ఇప్పుడు మార్వరాదా ఆ లిస్టు?"

"నిన్ననే పైకి పోయింది. ఇగ నా చేతుల లేదు."

"బేటీ తిరుమలా… పోయిన బుధవారం ఫారం ఇచ్చిన గద నేను. నన్నేమని ఎక్కించినవ్?"