గ్రీకు తోక

రోములో సెస్టియా ఇల్లు. గుమ్మంలో కంచరగాడిద సిద్ధంగా ఉంది. ఆమె కొడుకు ఔలుస్‌ను పెంచిన గ్రీకు దాసి క్రెస్టే మూట కట్టుకుంటోంది.

“ఆ దుప్పటి కూడా పెట్టుకో. పొలం దగ్గర చలి.”

“అది బాబుది, దొరసానీ. అది లేకపోతే పడుకోడు.”

“నా కొడుకు ఎలా పడుకుంటాడో నువ్వు చెప్పక్కర్లేదు. వాడు లేచేలోగా బయల్దేరు.”

“బయల్దేరుతున్నాను.”

“ఎందుకు పంపేస్తున్నారని అడగవేం?”

“అడిగితే ఉంచుతారా?”

“నిన్న విందులో మా ఆడబిడ్డ అందరి ముందూ నవ్వింది. ‘మీ ఔలుస్‌ది గ్రైకిస్సారే’ అంది. అంటే వాడి మాటలేమో మన లాటిన్, సాగదీత మీ గ్రీకు అని.”

“అది నాటకాలవాళ్ల మాట, దొరసానీ. గ్రీకులా కులికేవాణ్ని వెక్కిరించడానికి వాడారు. వెక్కిరిస్తే వెక్కిరించారు గానీ, చివర ఆ ‘ఇస్సారే’ ఉంది చూశారూ, ఆ తోక మా గ్రీకు నుంచి తెచ్చుకున్నదే.”

“నోరు బాగానే లేస్తోంది.”

“పోయేదాన్నేగా.”

“పోయేదానివే.”

“గ్రీకు దాదే కావాలని ఏరికోరి కొన్నది అయ్యగారు. గ్రీకు ముందొస్తే లాటిన్ దానంతటదే వస్తుందన్నారు.”

“గ్రీకు రావాలన్నారు. వాడు నీవాడైపోవాలన్నారా? మొన్న మోకాలు చెక్కుకుపోతే ఎదురుగా నేనున్నాను. చేతులు చాపాను. నన్ను దాటుకుని నీ దగ్గరికి పరిగెత్తాడు.”

“పసివాడు. మరిచిపోతాడు.”

“మరిచిపోడు.”

“నెల తిరక్కుండా నా పేరు కూడా...”

“మరిచిపోడంటున్నానా.”

“మీకెలా తెలుసు, దొరసానీ?”

“వాడికి పాడతావే, గింజ కోసం సముద్రం దాటిన పిట్ట పాట.”

“అది గ్రీకు పాట. మీకు గ్రీకు రాదుగా.”

“రాదని ఎవరన్నారు? మాట్లాడను, అంతే. రోజూ తలుపు వెనక నిలబడి వింటాను. ఏడుపొచ్చి మధ్యలో వెళ్లిపోతాను.”

“నా మీద కోపంతోనా?”

“నీ మీద కాదు. వాడి మీద కుళ్లుతో. మా నాన్న నా గ్రీకు దాదిని అమ్మేసినప్పుడు నేనూ వాడంతే ఉన్నాను. ఆ పాట ఆమె నాకు సగం దాకానే నేర్పింది. మూట విప్పు, క్రెస్టే. ఆ పిట్ట తిరిగొచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు.”