ఎక్స్, జెడ్ ఉన్న మాటలు

గౌలిపురలో ఓ బడి గుమ్మం దగ్గర ఓ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. పిల్లను ఇంగ్లీషు మీడియంలో ఉంచుతారో, తీసేస్తారో టీచరు ఇవాళే తేలుస్తుంది.

"ఎక్స్, జెడ్ ఉన్న పొడుగు ఇంగ్లీషు మాటలు వెతికి రాయమన్నాను. ఇవేంటమ్మా, అన్నీ మందుల పేర్లే! ఇంట్లో ఆసుపత్రి నడుపుతున్నారా?"

"బోర్డొక్కటే తక్కువున్నది టీచరమ్మా. అత్తమ్మకు షుగరు, మామకు దమ్ము, మా ఆయనకు గ్యాసు."

"డిక్షనరీ చూడొచ్చుగా?"

"యాడికెళ్లి తేవాలె? నా సదువు ఆరో తరగతిలనే బందయ్యింది. మా ఇంట్ల ఇంగ్లీషు ఉన్నదే మందు డబ్బాల మీద. పిల్ల నిన్న పొద్దుందాక అవే ముందటేసుకొని ఏరింది."

"ఏరింది సరే, చదవగలదా?"

"మీరే అడుగుండ్రి."

పిల్ల ఒక్కటీ వదలకుండా గడగడా చదివేసింది.

"సరేలెండి, ఈ సెక్షన్‌లోనే కూర్చోబెడతాను. వచ్చేవారం క్యూ ఉన్న మాటలు తేవాలి."

ఆమెకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"తెస్తది టీచరమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. అంతల మా ఇంట్ల ఎవలకన్న కొత్త రోగం రావాలె, గంతే."