మెట్ల మీద వంట

ఏంటే అది, రొయ్యలా? ఆ కాప్సికం అంత సన్నగా తరిగావేంటి... సరేలే, తరిగేశావుగా, కానివ్వు. నాకేదో వంట వచ్చినట్టు చెబుతున్నాను. నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు, అందుకు సిగ్గు కూడా లేదు. సిగ్గంతా మీ తాతయ్యే పడ్డాడు, నా వంతు కూడా కలిపి. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే పెనం పొయ్యి మీద పెట్టావు చూడు, అచ్చం మా బావే, అదే మీ తాతయ్యే, గుర్తొచ్చాడు. నువ్వు చూడలేదులే, మీ అమ్మ పెళ్ళికి ముందే పోయాడు. ఫొటోలో మీసాలు చూసి గట్టివాడనుకుంటావు గానీ, ఉత్త బిడియస్తుడు. ఆ ఫొటో కూడా బలవంతాన తీయించిందే, మా అక్క వెనకాల నిలబడి చొక్కా పట్టుకుని లాగుతుంటే... ఏం చెబుతున్నాను? ఆఁ, వంట.

బావ ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమాస్టరు. ఒక్కో గుండిగలో నువ్వు దిగి స్నానం చేయొచ్చు. వందలమంది తిని, చేతులు కడుక్కుంటూ "మాస్టారూ, ఏం చేశారండీ" అనేవాళ్ళు. ఇంట్లో మాత్రం గరిటె ముట్టింది లేదు, మా అక్కే వండేది. అక్కా, బావా, పిల్లా, నేనూ ఒక మేడలో కింది వాటాలోకి కొత్తగా దిగిన రోజుల్లోనే అక్కకి నూలు మిల్లులో సాయంత్రం షిఫ్టు పడింది. మామూలు షిఫ్టు కాదు, సూపర్‌వైజరుగా. వాళ్ళ సెక్షన్లో ఆడమనిషికి ఆ కుర్చీ ఇవ్వడం అదే మొదలు. ఆ రోజు అక్క మొహం చూడాలి నువ్వు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి మాకెవరికీ వినపడకుండా ఏదో ఆర్డరు వేసుకుంది. అక్క మధ్యాహ్నం వెళ్తే మేం పడుకున్నాకే వచ్చేది. మరి సాయంత్రాలు పిల్లకి, అదే మీ అమ్మకి, అన్నం ఎవరు పెట్టాలి? నేను కుట్టుపని దుకాణంలో ఉండేదాన్ని, అన్నం వండితే అటు జావ, ఇటు మాడు. "మాస్టరు నేనుండగా మీకెందుకే దిగులు" అన్నాడు బావ.

అక్కడే వచ్చింది చిక్కు. ఆయన చేతికి కొంచెం అన్నది తెలియదే. మీ అమ్మకి రొయ్యలంటే ప్రాణమని తెచ్చేవాడు. తెచ్చినవన్నీ, కాప్సికం, ఉల్లిపాయ, అన్నీ ఒక్కసారే పెనంలో గుట్టగా పోసేసి, మూత పెట్టేసి, గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించేవాడు. గుండిగకి అలా నడుస్తుంది కాబోలు. ఇక్కడ మూత తీస్తే నీళ్ళలో ఈదుతూ ఉండేవి. కాప్సికం పేస్టు, రొయ్యలు రబ్బరు. మర్నాడు అలాగే, ఆ మర్నాడూ అలాగే. మీ అమ్మ అన్నం మానేసింది. అంతటితో ఊరుకుందా, మెట్ల మీద ఆడుకుంటూ మేడంతా చాటింది, "మా నాన్న రొయ్యలు తింటే దవడలు నొప్పి" అని. బావ లోపల చొక్కా తొడుక్కుంటున్నాడు. ఒక చెయ్యి తొడిగి రెండోది అలాగే వదిలేశాడు. నా వంక చూడలేదు. క్యాంటీన్లో అందరి మెప్పూ పొందే మనిషి కన్నకూతురి నోటికి పనికిరాలేదు. ఆ వారం మా అక్క పిల్ల చెయ్యి పట్టుకుని చూసి, "ఎముకలు తగులుతున్నాయి, ఉద్యోగం మానేస్తాను" అంది. కోపంగా అంటే బాగుండేది. మెల్లగా అంది.

పై వాటాలో ఒక టైపిస్టు ఉండేది. ఆవిడ, భర్త, అత్తగారు. భర్తకి ఎప్పుడూ టూర్లే. ఆవిడ ఆఫీసు నుంచి వచ్చిందంటే కాసేపట్లో వెల్లుల్లి వాసన, ఇంకాసేపట్లో కంచాల చప్పుడు. నేను అన్నాను, "బావా, వెళ్ళి అడగరాదూ" అని. "వంటమాస్టర్ని, వంటెలాగమ్మా అని అడగనా" అన్నాడు. నేను అడుగుతానంటే వద్దని ఒట్టు పెట్టాడు. కానీ అప్పట్నుంచీ సాయంత్రం కాగానే డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి తనే వెళ్ళేవాడు. తెచ్చేవాడా? ఆవిడ వంటింటి తలుపు పక్కన మెట్టు మీద కూర్చుని ఒక్కో గుడ్డా మడతపెట్టేవాడు. ఒక రోజు వాన, తాడు మీద ఒక్క బట్ట లేదు. బీరువాలోంచి మడతపెట్టిన బట్టలు తీసి పైకి పట్టుకెళ్ళాడే! నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

తలుపు లోపల్నుంచి ఆవిడ వాళ్ళత్తగారికి పాఠం చెప్పేది, గట్టిగా. "అత్తయ్యా, ముందు రొయ్యల తడి గుడ్డతో అద్దేయాలి. పెద్ద మంట మీద కాప్సికం వేయించి పక్కకి తీసేయాలి. రొయ్యలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, మూత అసలే వద్దు." బావ కిందికొచ్చి, "ఆ ముసలావిడకి ఎంత పొగరే, కోడలు అంత ఓపిగ్గా చెబుతుంటే ఊ అనైనా అనదు" అనేవాడు. వంట మాత్రం కాస్త దారిలో పడింది. మీ అమ్మ నాలుగు ముద్దలు తినసాగింది. అక్క కూడా ఉద్యోగం మానేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక ఆదివారం ఆ ముసలావిడ వాకిట్లో ఎండకి కూర్చుంది. బావ "బాగున్నారా అమ్మా" అన్నాడు. పలకలేదు. మళ్ళీ అన్నాడు. పక్కనున్న వాచ్‌మన్ నవ్వి, "ఆవిడకి పక్కన పిడుగు పడ్డా వినపడదు మాస్టారూ, ఏళ్ళ నాటి చెవుడు" అన్నాడు.

బావ లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "నాకే చెప్పిందే ఆ తల్లి. ఇన్నాళ్ళూ నాకే. నేనక్కడ దొంగలా కూర్చున్నానని తెలిసి" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత మెట్లెక్కలేదు. బట్టలు నేనే తెచ్చాను. ఆవిడ వాకిట్లో ఎదురైతే గోడవైపు తిరిగేవాడు. నాకు ఒళ్ళు మండేది, ఒక్క దండం పెడితే పోయేదానికి ఇంత సిగ్గేంటని. ఇప్పుడైతే తెలుస్తుంది గానీ.

చివరికి ఒక సాయంత్రం తనంతట తనే వండాడు. తడి అద్దాడు, మూత పెట్టలేదు, రొయ్యలు వంగీ వంగగానే దించేశాడు. మీ అమ్మ కంచం వేలితో తుడుచుకుని మరీ తిన్నది. ఒక గిన్నెలో కొన్ని రొయ్యలు వేసి, పైన కంచం మూసి, పిల్ల చేతికిచ్చి పై వాటాకి పంపాడు. తను మొదటి మెట్టు దగ్గర, కింద, చీకట్లో నిలబడ్డాడు. పైనుంచి ఆవిడ గొంతు వినిపించింది, ఎప్పట్లాగే గట్టిగా. "అత్తయ్యా, మాస్టారు రొయ్యలు పంపారు. వంటంటే ఇదీ. నేను చేసేదీ ఒక వంటేనా, ఆయన దగ్గర నేర్చుకోవాలి."

మీసాల కింద నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. అంత ఇదిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. అన్నం పెట్టుకున్నాడు, ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. పిల్లని పిలిచి, "ఏమ్మా, నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. మీ అమ్మ ఏమందో తెలుసా, "మెత్తగా ఉన్నాయి కదా నాన్నా" అంది. కంచం పక్కకి జరిపేశాడు. నేను కాస్త నోట్లో వేసుకుని చూశాను.

ఉప్పే వేయలేదే ఆయన.

...నువ్వు వేశావా? వేసి, దించెయ్, దించెయ్. వంగిపోయాయి అవి.